తక తక తకిట: ఫార్మర్స్ మార్కెట్ లెక్క పట్టుకోవడం ఎలా

ట్రాన్‌హైమ్‌లో జాజ్ చదువుకుంటున్న నార్వే కుర్రాళ్లు 1991లో మొదలుపెట్టిన బృందం ఫార్మర్స్ మార్కెట్. అకార్డియన్ స్టియాన్ కార్‌స్టెన్‌సెన్‌ది, డ్రమ్స్ యార్లె వెస్పెస్టాద్‌వి. బల్గేరియా పెళ్లి బ్యాండ్లలో ఆరితేరిన శాక్సఫోన్ విద్వాంసుడు త్రిఫోన్ త్రిఫోనోవ్ కూడా వీళ్లతో వాయించాడు. వీళ్ల పాటలో బల్గేరియా జానపద సంగీతం పైపూతలా అనిపించదు, నడకలోనే ఉంటుంది.

ఆ నడకే కొత్తవాళ్లకు చిక్కదు. రచెనిత్సా అనే బల్గేరియా నాట్యగతి 7/16, అంటే ఒక్కో ఆవర్తానికి (తిరిగి తిరిగి వచ్చే తాళపు చుట్టుకు) ఏడు చిన్న అక్షరాలు. ఏడు దాకా లెక్కపెడితే వేగంలో నాలుక తిరగదు. తక తక తకిట అనుకోండి: రెండు పొట్టి అడుగులు, ఒక పొడుగు అడుగు. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఇది విలోమ చాపు లెక్కే, 4+3. అదే ఏడు చెత్వోర్నో అనే మరో నాట్యంలో 3+2+2 అవుతుంది, అంటే మామూలు మిశ్ర చాపు. పైదుష్కో నాట్యం 2+3, ఖండ చాపు.

సాధన ఇలా చేయండి. మెట్రోనోమ్‌ను (లయకు టిక్కులు కొట్టే పరికరం) నిమిషానికి 120 టిక్కుల్లో పెట్టి ఒక్కో టిక్కుకు ఒక్కో అక్షరం పలకండి. కాలు మాత్రం తక, తక, తకిట మొదళ్లలోనే పడాలి, ఆవర్తానికి మూడుసార్లు. పదేసి చొప్పున పెంచుతూ 210కి చేరాక టిక్కును ఆవర్తానికి ఒక్కటి చేయండి, అంటే నిమిషానికి 30. అసలు నాట్యవేగం దీనికి రెట్టింపు, అంతకన్నా ఎక్కువ కూడా. అక్కడ అక్షరాలు వినిపించవు, మూడు అడుగులే మిగులుతాయి.

తప్పు దాదాపు ఎప్పుడూ తకిటలోనే జరుగుతుంది. తొందరపడితే అది తక అయిపోయి మొత్తం ఆరుకు కుదించుకుపోతుంది. సాగదీస్తే తకధిమి అయి ఎనిమిదిలో స్థిరపడుతుంది. చెవికి అలవాటైన సరిసంఖ్య అటో ఇటో లాగుతూనే ఉంటుంది. జాజ్ వాయించేవాళ్లకు ఇంకో ఇబ్బంది: స్వింగ్ అలవాటుతో జంటలో మొదటి అక్షరాన్ని పొడిగిస్తారు. అలా చేస్తే తకకూ తకిటకూ తేడా చెరిగిపోతుంది. ఇక్కడ చిన్న అక్షరాలన్నీ సమానంగా ఉండాలి. స్వేచ్ఛ చూపించాల్సింది పదబంధాల పొడవులో, ఆవర్తం గీత దాటి వాక్యాన్ని ముగించడంలో.

స్వరాల సంగతి మనకు సులువు. బల్గేరియా సంగీతంలో తరచూ వినిపించే హిజాజ్ అనే స్వరక్రమం మన వకుళాభరణం రాగం మెట్లే. అయితే మన గమకంలా ఊపకూడదు. పై స్వరాన్ని చటుక్కున తాకి వదిలేయాలి, అంతే.

2008లో వచ్చిన ‘సర్ఫిన్ యూఎస్ఎస్ఆర్’ ఆల్బమ్ వినేటప్పుడు మొదటిసారి అకార్డియన్‌ను వదిలేసి బాస్‌నే పట్టుకోండి, అడుగుల మొదళ్లు అక్కడ దొరుకుతాయి. రచెనిత్సా కాలికి వచ్చాక కోపనిత్సా అనే నాట్యగతికి వెళ్లండి: తక తక తకిట తక తక, పదకొండు. పొడుగు అడుగు నడిమధ్యకు జరిగింది కాబట్టి ఆవర్తం మొదలు ఎక్కడో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.