భీమిలి మున్సిపాలిటీ చూడ్డానికి వెళ్ళాను

ఋషికొండ దాటేసరికి బస్సు సగం ఖాళీ. కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు. ఎర్రమట్టి దిబ్బలు దగ్గరపడ్డాక పక్క సీటాయన "ఇక్కడ దిగరా?" అన్నాడు. భీమిలి మున్సిపాలిటీ చూడ్డానికి వెళ్తున్నానంటే నవ్వేశాడు. "అదిప్పుడు ఎక్కడుందండీ, జీవీఎంసీలో కలిపేశారు కదా!"

జీవీఎంసీలో, అంటే మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపేశారని తెలుసు. అందుకే బయలుదేరాను.

విశాఖకు ఉత్తరాన, గోస్తని నది సముద్రంలో కలిసే చోట ఉంది భీమునిపట్నం, అదే భీమిలి. డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు, 1825లో ఇంగ్లీషువాళ్ళకు వదిలేసి వెళ్ళారు. వాళ్ళ శ్మశానంలో సూదిమొనల్లా లేచిన సమాధుల మధ్య పది నిమిషాలు తిరిగాను. ఫొటోలు తీసుకునేవాళ్ళు ఎక్కువ, రాతలు చదివేవాళ్ళు తక్కువ. ఆ పది నిమిషాల్లో నేనూ ఫొటోలే తీశాను.

ఇంత చిన్న ఊరికి 1861లోనే మున్సిపాలిటీ ఎందుకొచ్చింది? జవాబు రేవులోనే ఉంది. గోగునార ఇక్కణ్ణుంచి ఎంతగా ఎగుమతయ్యేదంటే, విదేశీ వర్తకులు దానికి 'బిమ్లీ జూట్' అని ఈ ఊరి పేరే పెట్టారు. సరుకున్న చోట బండ్లు, బండ్లు నడవడానికి రోడ్లు, జనం పెరిగితే మురుగు, చీకటిపడితే దీపాలు. వీటికి డబ్బెవరిస్తారు? 1850 నాటి చట్టం ప్రకారం ఊరివాళ్ళు ముందుకొచ్చి కోరుకుంటే తమ మీద తామే పన్ను వేసుకుని ఊరు బాగుచేసుకోవచ్చు. పన్ను వెయ్యమని అడిగి మరీ వేయించుకోవడమన్నమాట. ఇప్పుడు చెప్తే ఎవరూ నమ్మరు. 1865లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన చట్టంతో వ్యవహారం సర్కారు చేతికి పోయింది. సభ్యులను ప్రభుత్వమే నియమించేది, పోలీసు ఖర్చులో పెద్ద వాటా ఊళ్ళ నెత్తిన పడేది. కౌన్సిల్లో ఎన్నికైనవాళ్ళ మాట చెల్లడానికి 1884, 1920 చట్టాల దాకా ఆగాల్సి వచ్చింది.

దేశంలో రెండో మున్సిపాలిటీ ఇదేనని ఇక్కడ గర్వంగా చెప్పుకుంటారు. చెన్నపట్నం కార్పొరేషన్ 1688 నాటిది, కలకత్తా, బొంబాయి సంగతి సరేసరి. నాకా లెక్క కుదరలేదు. అయినా 1861 చిన్న సంగతేం కాదు, దానికి ఈ అతిశయోక్తి అక్కర్లేదు.

ఆ తర్వాత రైలు భీమిలిని తాకకుండా విజయనగరం మీదుగా విశాఖలోని వాల్తేరుకు వెళ్ళిపోయింది. 1933లో విశాఖ హార్బరు తెరుచుకుంది. ఓడలు అటే పోయాయి. రేవు పోయినా మున్సిపాలిటీ మాత్రం ఇంకో ఎనభై ఏళ్ళు నిలబడింది. 2013లో అనకాపల్లితో పాటు దీన్నీ మహా విశాఖలో కలిపారు. నూట యాభై ఏళ్ళ పండగ అయిన రెండేళ్ళకే! 2021లో 98 వార్డుల కార్పొరేషన్‌కు ఎన్నికలు జరిగితే, ఒకప్పుడు సొంత చైర్మన్ ఉన్న ఊరికి అందులో దక్కినవి కొన్ని వార్డులే.

గడియార స్తంభం దగ్గర టీ తాగుతుంటే ఒక పెద్దాయన మాట కలిపారు. "ఏటి బాబూ, రాసుకుంటన్నావు?" చెప్పాను. ఆయనకు కోపం విలీనం మీద కాదు, దూరం మీద. "మా కౌన్సిలరు ఈ వీధిలోనే ఉండీవోడు. కొళాయి రాకపోతే పొద్దున్నే తలుపు కొట్టీవోళ్ళం. తిట్టీవోళ్ళం కూడా. ఇప్పుడు తిట్టాలన్నా బస్సెక్కాల."

జోనల్ ఆఫీసు ఇక్కడే ఉంది కదా అన్నాను.

"ఉంది. ఏదడిగినా ఫైలు పైకి పంపాం అంటారు. ఆ పై ఎక్కడుందో మరి!"

టీ డబ్బులు ఆయనే ఇచ్చేశారు. నేను వద్దంటుంటే, "మా ఊరొచ్చి నువ్విస్తావేటి" అని కసిరారు. తిరుగు బస్సుకి ఇంకా అరగంట ఉంది. లైట్‌హౌస్ దాకా నడిచి, ఒకప్పుడు ఓడలు లంగరేసిన నీళ్ళ వైపు కాసేపు చూసి వచ్చాను. రెండు చేపల పడవలు, అంతే.