హెగ్గోడు వెళ్లొచ్చాక

ఈ ప్రయాణానికి తొందరపెట్టింది ఒక దరఖాస్తు ఫారం. నాటక బృందాలకు ఆర్థిక సాయం చేస్తామని ఒక సంస్థ ప్రకటిస్తే, మా బృందం తరఫున నింపుదామని కూర్చున్నాను. నాటకం దేని గురించి అన్న ప్రశ్నకు రెండు లైన్ల జాగా ఇచ్చారు. యూట్యూబ్ లింకు, సబ్‌స్క్రైబర్ల సంఖ్య, గత ఏడాది వచ్చిన వ్యూస్ మాత్రం తప్పనిసరి. మేం ఆడేది బడి ఆవరణల్లో, రచ్చబండల దగ్గర, ఒక్కోసారి అపార్టుమెంట్ల సెల్లార్లలో. చూసినవాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలడం లేదు. దాన్ని అలాగే పక్కన పెట్టి, ఎన్నాళ్లుగానో వెళ్లాలనుకుంటున్న, కర్ణాటకలో నాటకాలకు పేరున్న పల్లె హెగ్గోడుకు టికెట్ బుక్ చేసుకున్నాను.

కాచిగూడలో రైలెక్కి బెంగళూరు, అక్కడ తాళగుప్ప వెళ్లే రైలు. శివమొగ్గ దాటాక కిటికీలోంచి చలిగాలి, ఆకుపచ్చ. తెల్లారాక సాగర జంబగారు స్టేషన్‌లో దిగాను. డిసెంబరు కావడంతో దారి పొడవునా ఇళ్ల ముందు వక్కలు ఆరబోసి ఉన్నాయి. తీపీ వగరూ కలిసిన ఆ వాసన ఈ కొండసీమ మల్నాడులో ఉన్నన్నాళ్లూ నన్ను వదల్లేదు.

హెగ్గోడు వెళ్లేముందు కాగోడు అనే ఊరు చూడాలనుకున్నాను. ఆటో అతను "అక్కడేముంది సార్, పొలాలే" అన్నాడు. నాకు కావలసింది ఆ పొలాలే. 1951లో ఇక్కడి కౌలు రైతులు భూస్వాములకు ఎదురు తిరిగారు. ఆ రైతుల్లో ఎక్కువమంది దీవరు కులస్తులు. కౌలు కింద ఇవ్వాల్సిన ధాన్యాన్ని కొలగ అనే పాత్రతో కొలిచేవాళ్లు. ఆ కొలగ ఎంత ఉండాలన్న దగ్గరే తగాదా మొదలైంది. కొలగ కాస్త పెద్దదైతే చాలు, కాగితం మీద కౌలు పెరగకుండానే రైతు ఇంట్లో గింజలు తగ్గిపోతాయి. హెచ్. గణపతియప్ప రైతులను కూడగట్టారు. సోషలిస్టులు అండగా నిలిచారు. రామ్ మనోహర్ లోహియా వచ్చి అరెస్టయ్యారు. కర్ణాటకలో దేవరాజ్ అరసు ప్రభుత్వం 1974లో తెచ్చిన భూసంస్కరణలకు వెనకున్న పోరాటాల గురించి చెప్పుకునేటప్పుడు కాగోడు పేరు తప్పకుండా వస్తుంది.

కోతలైపోయిన ఆ మళ్ల గట్టున నిలబడితే తెలంగాణ రైతుల పోరాటం మీద వచ్చిన మన 'మా భూమి' నాటకం గుర్తొచ్చింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాస్తే ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఎంతమంది చూశారని ఆ ప్రభుత్వం లెక్కలడగలేదు. చూసినవాళ్లు ఏం చేస్తారోనని భయపడింది. మన నాటకరంగం అప్పుడు ఎంత బలంగా ఉండేదో ఆ భయాన్ని బట్టే తెలుస్తుంది. ఇప్పుడు మనం నాటకం వేస్తే ఎవరూ భయపడటం లేదు. అది మన స్వేచ్ఛ పెరగడం వల్ల కాదని నా నమ్మకం. మనల్ని కొలిచే కొలగ మారిపోయింది. అది మన చేతిలో లేదు, ఊరి చేతిలోనూ లేదు. ఎక్కడో ఉన్న కంపెనీ మన రీల్‌ని ఎంతమందికి చూపించాలో నిర్ణయిస్తుంది. ఆ అంకెను పట్టుకుని మన దగ్గరి సంస్థలు మన విలువ కడుతున్నాయి.

హెగ్గోడు చిన్న ఊరు. వక్క తోటలు, పెంకుటిళ్లు, ఎర్రమట్టి దారులు. 1949లో ఈ ఊరివాళ్లు పెట్టుకున్న నీలకంఠేశ్వర నాట్యసేవా సంఘమే ఇవాళ అందరూ నీనాసం అంటున్న సంస్థ. దాన్ని పెంచి పెద్ద చేసిన కె.వి. సుబ్బణ్ణ వక్క తోట చేసుకునే మనిషి, రచయిత, అనువాదకుడు. 1991లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. 2005లో పోయారు. ఆయన గురించి నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించే సంగతి సినిమాది. 1970ల్లో ఈ పల్లెలో ఫిల్మ్ సొసైటీ పెట్టి, కురొసావా, సత్యజిత్ రే లాంటి వాళ్ల సినిమాలు తెప్పించి రైతులకు, కూలీలకు చూపించారు. తరవాత ప్రొజెక్టరు పట్టుకుని వేరే ఊళ్లకూ వెళ్లారు. పల్లెటూరివాళ్లకు ఇవన్నీ అర్థం కావని ఆయన అనుకోలేదు. ఆ రోజుల్లో ప్రొజెక్టరు అంటే కొత్త టెక్నాలజీయే కదా. ఏ సినిమా తిరగాలో, తిరిగాక దాని గురించి ఎంతసేపు మాట్లాడుకోవాలో ఊళ్లో కూర్చుని నిర్ణయించుకున్నారు.

1985 నుంచి నడుస్తున్న నీనాసం వాళ్ల 'తిరుగాట' బృందం నేను వెళ్లేసరికి ఊళ్లమీద ఉంది. ఏటా కొత్త నాటకాలు తయారుచేసుకుని, సెట్లు, దుస్తులు, లైట్లు వెంటేసుకుని కర్ణాటక అంతా తిరిగి ఆడటం వాళ్ల పని. శివరామ కారంత రంగమందిరంలో మాత్రం నాటక శిక్షణ తీసుకుంటున్న విద్యార్థుల రిహార్సల్ జరుగుతోంది. అడిగితే వెనక వరసలో కూర్చోనిచ్చారు.

స్టేజీ మీద ఒకమ్మాయి ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చెబుతోంది. చెప్పిన ప్రతిసారీ చివరి మాట మింగేస్తోంది. గొంతు పెంచమని ఎవరూ అనలేదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చూసుకోమన్నారు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని, కళ్లు మూసుకుని, వాక్యాన్ని రెండు ముక్కలు చేసి చెప్పింది. చివరి మాట నా దగ్గరికి, ఆఖరి వరసకి, స్పష్టంగా వచ్చింది. మైకు లేదు. మన నాటక పరిషత్తు పోటీల్లో నటుడి కన్ను ఎదుటి పాత్ర మీద కన్నా పైన వేలాడే మైకు మీదే ఎక్కువ ఉంటుంది. ఒకచోట మా నాటిక మధ్యలో మైకులు పోయాయి. గొంతు చేరుతుందో లేదోనన్న టెన్షన్‌తో మా వాళ్లంతా స్టేజీ ముందుకొచ్చి వరసగా నిలబడిపోయారు, నాటకం అక్కడితో ప్రసంగమైపోయింది. నిర్వాహకులు విచారం వెలిబుచ్చారు కానీ మా మార్కులు మాత్రం వెనక్కి రాలేదు. గొంతు మనదే అయినప్పుడు దాన్ని పెంచుకోకుండా మైకుకు అప్పగించేయడం మన తరం నటులకు జరిగిన పెద్ద నష్టం.

విరామంలో ఆ అమ్మాయి ఫోన్ తీసి తన రిహార్సల్ వీడియో చూసుకుంటోంది. పక్కన కూర్చుని అడిగాను. "ఎవరికైనా పంపుతావామ్మా?" "లేదు సార్. నడక చూసుకుంటాను. ఎడమ భుజం ఎత్తేస్తున్నానని చెబితే నమ్మలేదు, ఇప్పుడు కనపడింది. చూసుకుని తీసేస్తాను" అంది. ఆమెది రాయచూరు వైపు. ఇంట్లో కాస్త తెలుగు మాట్లాడతారట. నేను తెలుగు నాటక బృందం నుంచి వచ్చానని తెలిసి, "మీ వైపు సురభి వాళ్లు ఇప్పటికీ ఆడుతున్నారా?" అని అడిగింది. ఎంత సంతోషమేసిందో! ఆడుతున్నారని చెప్పాను. 1990ల్లో కన్నడ నాటక దర్శకుడు బి.వి. కారంత్ సురభి కుటుంబాల దగ్గరికొచ్చి, వాళ్లతో నాటకాలు చేయించిన సంగతి కూడా చెప్పాను.

సురభిది 1885 నుంచి నడుస్తున్న చరిత్ర. మాయలు, మంత్రాలు, గాల్లో ఎగరడాలు, కళ్లముందే మారిపోయే తెరలు, అన్నీ టెక్నాలజీయే. కానీ తెరవెనక తీగ లాగే మనిషికి ఆ తీగ ఎంత బరువు మోస్తుందో తెలుసు. దాన్ని వాళ్ల నాన్న దగ్గరో మేనమామ దగ్గరో నేర్చుకుని ఉంటాడు. మా రీల్ ఒకరోజు పదివేల మందికి, మరుసటి రోజు నలభై మందికి ఎందుకు వెళ్లిందో మాలో ఎవరికీ తెలియదు. చెప్పేవాళ్లూ లేరు.

హెగ్గోడు పక్కనే చరక ఉంది. స్త్రీలే నడిపే చేనేత సహకార సంఘం. దీని వెనక ఉన్నది నాటక దర్శకుడు ప్రసన్న. ఐఐటీ కాన్పూర్‌లో చదువు వదిలేసి నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకి వెళ్లినవాడు. 1975లో 'సముదాయ' నాటక ఉద్యమాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. చేతితో చేసిన వస్తువుల మీద జీఎస్‌టీ వద్దంటూ 2017లో బెంగళూరులో నిరాహార దీక్షకు కూర్చున్నారు. నాటక దర్శకుడికి నేతతో ఏం పని అని అడిగేవాళ్లు మన దగ్గరా ఉంటారు. నాటకం కూడా చేతిపనే, మనిషి ఎదుట మనిషి నిలబడి చేసేది. మిషను గెలిచిన చోట రెండూ ఒకే రకంగా ఓడిపోతున్నాయి కాబట్టి ఆయన రెండిటి పక్షానా నిలబడ్డారు.

అక్కడ రంగులద్దే షెడ్డులో చాలాసేపు ఉండిపోయాను. వక్కలు ఒలిచి ఉడకబెట్టాక అడుగున మిగిలే చిక్కటి రసాన్ని చొగరు అంటారు. చరక వాళ్లు దానితో నూలుకు రంగు వేస్తారు. ఒక నడివయసు ఆవిడ నూలు చిలపను కర్రకు తగిలించి ఆవిర్లు కక్కే గంగాళంలో ముంచి, పైకెత్తి, తిప్పి, మళ్లీ ముంచుతోంది. పైకెత్తిన ప్రతిసారీ నూలు కొంచెం ముదురుతోంది. మొదట పాలలో టీ పడ్డ రంగు, కాసేపటికి ఇటుక రంగు. ఎప్పుడు ఆపాలో ఆవిడ ఏ గడియారమూ చూడటం లేదు. చిలప చివర రెండు వేళ్ల మధ్య పిండి, వెలుతురుకు పట్టి, ఇంకా కాలేదన్నట్టు తలూపింది. నాకు వచ్చిన కాస్త కన్నడంలో "ఉతికితే రంగు పోదా అక్కా?" అని అడిగాను. "వక్క మరక మీ చొక్కా మీద పడితే పోతుందా?" అని నవ్వింది. ఆవిడ చేతులు మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి.

ప్రసన్న ఆలోచనలను నేను గౌరవిస్తాను. యంత్రాలను తగ్గించుకుందాం రమ్మని ఆయన ఇచ్చే పిలుపుతో మాత్రం పూర్తిగా ఏకీభవించలేను. ఆ రాయచూరు అమ్మాయి చేతిలోని ఫోన్ చెడ్డది కాదు. అయితే మా కుర్రాళ్లు ఈమధ్య పోస్టర్లు ఏఐతో చేస్తున్నారు. రైతు బొమ్మ కావాలంటే ప్రతిసారీ తలపాగా, కన్నీళ్లు, బీటలు వారిన నేల వస్తున్నాయి. మా నాటకంలో రైతు జీన్స్ వేసుకుంటాడు, ఫోన్‌లో మిర్చి రేటు చూసుకుంటాడు, కోల్డ్ స్టోరేజీ రసీదు జేబులో పెట్టుకుని తిరుగుతాడు. అతన్ని ఆ మిషను ఎరగదు. ఊళ్లో ఎవరినీ చూడకుండా ఊరి గురించి బొమ్మ వేసే పనిముట్టును మన సంస్కృతికి కాపలా పెట్టలేం. పోస్టరు మళ్లీ చేత్తో గీయిద్దామని అక్కడి నుంచే మా వాళ్లకు మెసేజ్ పెట్టాను. ఒకరిద్దరు మొహమాటంగా సరేనన్నారు. మిగతావాళ్లతో వాదన ఇంకా నడుస్తోంది.

తిరుగు ప్రయాణానికి ముందు సాగర నుంచి సిగందూరు బస్సెక్కాను. చౌడేశ్వరి గుడికి వెళ్లే భక్తులతో బస్సు నిండిపోయింది. నేను చూడాలనుకున్నది శరావతి నది మీది ఆనకట్ట వెనక నిలిచిన జలాలు. 1964లో లింగనమక్కి ఆనకట్ట పూర్తయ్యాక ఈ నీళ్లలో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. దిగువన శరావతి జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 1,035 మెగావాట్లు. ఆ అంకె రాష్ట్రమంతా రాసుకున్నారు. నీళ్లకు అవతల తుమరి అనే ఊరి వైపు మిగిలిపోయిన జనం మాత్రం ఆస్పత్రికైనా కాలేజీకైనా లాంచీలో నీళ్లు దాటాల్సి వచ్చింది. వంతెన వచ్చింది మొన్న, 2025 జూలైలో. దాదాపు 2.4 కిలోమీటర్లు, తీగల వంతెన. ఆనకట్టకూ వంతెనకూ మధ్య అరవై ఏళ్లు! నీళ్లను నిలపగలిగిన ఇంజనీరింగుకు మనుషులను దాటించడం రాదనుకోవాలా? ఆ జనం అవసరం ఎవరి కొలగలోనూ పడలేదు, అంతే.

నా పక్క సీట్లో తుమరి కుర్రాడు కూర్చున్నాడు. సాగరలో మొబైల్ షాపులో పనట. నాటకాలు వేస్తానని చెబితే ఆసక్తిగా మాట్లాడాడు. ఇదివరకు సాయంత్రం ఆఖరి లాంచీ పోతే ఇక తెల్లారేదాకా ఇల్లు చేరే దారి లేదు. సాగరలో రాత్రిపూట ఏ నాటకమున్నా, యక్షగానమున్నా చూడాలంటే ఎవరింట్లోనో పడుకోవాలి. ఆడవాళ్లకు అదీ కుదిరేది కాదు.

"ఇప్పుడు బైకు మీద ఆట అయ్యాకే బయల్దేరుతున్నాం సార్. మా అమ్మ ఈ వయసులో మొదటిసారి తెల్లవారుజాము దాకా కూర్చుని చూసింది" అన్నాడు.

బస్సు వంతెన మీదకెక్కింది. మీ ఊరివైపు నాటక బృందాలు వస్తాయా అని అడిగాను. లాంచీలో సెట్లు దాటించడం కష్టమని పెద్ద బృందాలు వచ్చేవి కావని, ఇప్పుడు లారీ నేరుగా వస్తుంది కాబట్టి పిలుద్దామని వాళ్ల యువక సంఘం అనుకుంటోందని చెప్పాడు. తెలుగు నాటకమైతే అర్థమవుతుందా అన్నాను. "మైకు లేకుండా వినపడేట్టు చెబితే చాలు, మా స్కూలు గ్రౌండులో వందమంది పడతారు" అని తన నంబరు నా ఫోన్‌లో ఫీడ్ చేశాడు.