చిత్తూరు బస్సులో పీటర్ ఫాక్

ముప్పై ఏళ్లు దగ్గరపడుతుండగా ప్రభుత్వోద్యోగం వదిలి నటుడినవుతానని న్యూయార్క్ బయలుదేరిన మనిషి పీటర్ ఫాక్. మా తిరుపతిలో ఆ మాట అంటే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు.

1927లో న్యూయార్క్‌లో పుట్టిన ఫాక్‌కు మూడేళ్లకే కణితి కారణంగా కుడి కన్ను తీసేశారు. సిరాక్యూస్‌లో పరిపాలనాశాస్త్రం చదివి, హార్ట్‌ఫర్డ్‌లో కనెక్టికట్ రాష్ట్ర బడ్జెట్ శాఖలో కుదురుకున్నారు. వృత్తి నటులకు మాత్రమే రంగస్థల నటి ఈవా లె గలియెన్ చెప్పే పాఠాలకు, తానూ నటుడినేనని అబద్ధమాడి చేరారు. హార్ట్‌ఫర్డ్ నుంచి కారులో వస్తూ ప్రతిసారీ ఆలస్యమవుతుంటే ఆవిడ నిలదీశారు. నిజం ఒప్పుకుంటే, అయితే నువ్వు నటుడివి కావలసిందే అన్నారట. ఆయన వెనక్కి వెళ్లి రాజీనామా ఇచ్చారు. ఉద్యోగం కోసం రోజూ చిత్తూరుకు బస్సులో వెళ్లివచ్చే నాకు ఈ ఘట్టం మీద కొంచెం అసూయ ఉన్నదని ఒప్పుకోవాలి.

ఒంటికన్ను కారణంగా ఒక పెద్ద స్టూడియో ఆయనను కాదన్నది. అయినా 1960, 1961లలో విడుదలైన రెండు సినిమాలకు వరుసగా ఆస్కార్ సహాయనటుడి నామినేషన్లు వచ్చాయి. 1968లో టీవీలో తొలిసారి పోలీసు డిటెక్టివ్ కొలంబోగా కనిపించి, 2003 వరకు, మధ్యలో పదేళ్ల విరామం పోను, మొత్తం 69 కథల్లో అదే పాత్ర పోషించారు. కొలంబో వేసుకునే ఆ నలిగిన వానకోటు ఫాక్ సొంతదే. ఆ పాత్రకు నాలుగు ఎమ్మీ టీవీ అవార్డులు దక్కాయి.

అయితే నా దృష్టిలో ఆయన అసలు సత్తా తెలిసేది 1974లో జాన్ కసావెటీస్ తీసిన 'ఎ ఉమన్ అండర్ ది ఇన్‌ఫ్లుయెన్స్'లో. రాత్రంతా పనిచేసిన కూలీలను పొద్దున్నే ఇంటికి తీసుకొస్తాడు మేస్త్రీ నిక్, అంటే ఫాక్. మనసు కుదురులేని భార్య అందరికీ స్పగెట్టి వండి పెడుతుంది. బల్ల చుట్టూ నవ్వులు సాగుతుండగా, ఆమె ఒక కూలీని నాట్యానికి పిలవడంతో నిక్ ఒక్కసారిగా అరుస్తాడు. బల్ల మీద మాట ఆగిపోతుంది. భార్య మీద ప్రేమ, నలుగురిలో సిగ్గు, రెండూ ఆ ఒక్క అరుపులోనే వినిపిస్తాయి. కొలంబో అభిమానులు ఈ సినిమా చూడకపోవడం నాకు అర్థంకాని విషయం.

మొన్న బస్సులో నేను కొలంబో చూస్తుంటే, పూతలపట్టులో ఎక్కిన పెద్దాయన ఫోన్‌లోకి తొంగిచూసి, "ఈయప్ప పోలీసా? బెల్లం మండీలో గుమాస్తా మాదిరి ఉండాడే!" అన్నారు. హంతకుడెవరో మొదట్లోనే చూపించేస్తారని, అతన్ని ఎలా పట్టుకుంటాడన్నదే కథ అని చెప్పాను. తలుపు దాకా వెళ్లిన కొలంబో, నుదురు గోక్కుంటూ, ఇంకొక్క మాట అడగాలని వెనక్కి తిరిగాడు. అంతలో బస్సు చిత్తూరు బస్టాండులో ఆగింది. అందరూ దిగుతున్నా పెద్దాయన కదలలేదు.

"ఎట్ల పట్టుకుంటాడో చూసి దిగుదాం, కూర్చో నాయనా."