జీఎస్టీ తగ్గకముందు కొన్న బుల్లెట్

2025 ఆగస్టు 8న, వరలక్ష్మీ వ్రతం రోజు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 డెలివరీ తీసుకున్నాను. శ్రావణ శుక్రవారం దాటనివ్వద్దని అమ్మ పట్టుబట్టింది. విజయవాడ దుర్గ గుడి దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చాం. వారం తిరిగేసరికి, ఆగస్టు 15న, దీపావళికల్లా జీఎస్టీ తగ్గిస్తామని ప్రధాని ఎర్రకోట మీద నుంచి చెప్పారు. సెప్టెంబర్ 3న కౌన్సిల్ తేల్చేసింది. 350 సీసీ వరకు బండ్లకు 28 శాతం పన్ను కాస్తా 18 అయింది. 22వ తేదీ నుంచి అమలు. 350 సిరీస్ మీద 22 వేల రూపాయల వరకు తగ్గిస్తున్నట్టు కంపెనీ కూడా ప్రకటించింది.

ఇక చూడండి నా అవస్థ. ఈఎంఐ మెసేజ్ వస్తే కడుపు మండేది. రాత్రి పడుకునే ముందు కొత్త ఆన్‌రోడ్ ధర చూసుకోవడం ఒక జబ్బులా పట్టుకుంది. ఆఫీసులో ప్రతివాడూ "కాస్త ఆగాల్సింది గురూ" అనేవాడే. శ్రావణమాసంలో ఈ ముక్క ఒక్కడూ చెప్పలేదు! షోరూంలో అడిగితే, బిల్లు తేదీనాటి పన్నే లెక్క అన్నారు. వాళ్లు చెప్పింది సబబే. అమ్మేద్దామా అని కూడా ఆలోచించాను. కానీ కొత్త బండి ధర తగ్గితే సెకండ్ హ్యాండ్ ధర కూడా దాంతోపాటే పడుతుంది. అమ్మితే రెండు వైపులా నష్టం.

నిజానికి నా బాధలో సగం డబ్బుది కాదు. నేను 5 అడుగుల 4 అంగుళాలు. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, బండి బరువు 195 కిలోలు. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర మునివేళ్ల మీద నిలబడితే టెన్షన్‌గా ఉండేది. కొన్నప్పుడు అలవాటవుతుందిలే అనుకున్న ఇబ్బందే, ధర తగ్గిందని తెలిశాక భూతద్దంలో పెట్టినట్టు కనిపించడం మొదలైంది. పోయిన డబ్బు ఎలాగూ రాదు. ఈ రెండో బాధకైతే మందు ఉంది.

500 కిలోమీటర్ల మొదటి సర్వీసు అయ్యేదాకా ఏదీ ముట్టుకోలేదు. ఆ తర్వాత ఒంటికి తగిలేవి ముందు, కంటికి కనిపించేవి తర్వాత అని పెట్టుకున్నాను.

ఆటోనగర్‌లో సీట్లు కుట్టే పెద్దాయన ఒకరున్నారు. సీటు మొత్తం రెండంగుళాలు కోసేయమన్నాను. ఆయన నన్ను బండి మీద కూర్చోబెట్టి, తొడలు ఆనేచోట సుద్దముక్కతో గీతలు గీశారు. "పైన కోస్తే గతుకుల్లో నడుం పట్టేస్తది బాబూ. ముందు పక్కలు చెక్కుదాం, కాలు తిన్నగా దిగుద్ది" అన్నారు. అలాగే దిగింది. పూర్తి పాదం ఆనకపోయినా పాదం ముందు భాగమంతా నేలకు తగులుతోంది, నాకది చాలు. ఒరిజినల్ సీటు అటక మీద పెట్టి, విడిగా కొన్న పాత సీటు మీద ఈ పని చేయించాను.

మిగతావాటిలో ఎక్కువభాగం పైసా ఖర్చు లేనివే. హ్యాండిల్ క్లాంప్ బోల్టులు వదులు చేయించి, బార్‌ను నా వైపు కొద్దిగా తిప్పించాను. తర్వాత హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పి, కేబుళ్లు ఎక్కడా బిగుసుకోవడం లేదని చూసుకోవాలి. క్లచ్, బ్రేక్ లివర్ల కోణం మార్చాక మణికట్టు నొప్పి పోయింది. వెనక షాక్ అబ్జార్బర్ల స్ప్రింగ్ బిగువుకు ఆరు మెట్ల సర్దుబాటు ఉంటుంది. ఒక్కడినే వెళ్లేటప్పుడు తక్కువలో పెడతాను, అమ్మ ఎక్కితే పెంచుతాను.

సీటు కాక డబ్బు పెట్టి కొన్నది లెగ్ గార్డు, పెద్ద అద్దాలు. అంతే.

యాక్సెసరీస్ షాపు కుర్రాడు మాత్రం వదల్లేదు. "అన్నా, పొట్టి సైలెన్సర్ వేద్దాం, సౌండ్ అదిరిపోద్ది" అన్నాడు. బీఎస్-6 బండిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ అన్నీ పొగ గొట్టం ఏర్పాటుతో ముడిపడి ఉంటాయి. పైగా కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా మార్పులు కుదరవని 2019లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం ప్రకారం ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, జైలు కూడా పడొచ్చు. పోలీసులు అలాంటి సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించడం చూస్తూనే ఉన్నాం. పోనీ చీర గార్డు తీసేద్దాం, లుక్ వస్తుందన్నాడు. వెనక కూర్చునేది మా అమ్మ! పైగా అది నిబంధనల ప్రకారం ఉండాల్సిన సామాను.

ఫాగ్ లైట్లకు వైరు కోసి జాయింట్ వేస్తానన్నా వద్దన్నాను. రేపు కరెంటు సమస్య వస్తే, వారంటీ అడిగినప్పుడు ముందు చూపించేది ఆ జాయింటే. తర్వాతెప్పుడైనా వైరు కోయకుండా తగిలించే కంపెనీ కప్లర్‌తో వచ్చేవి వేయించుకుంటాను.

ధర సంగతి మనసులోంచి పూర్తిగా పోయిందని చెప్పను. మొన్న మా బావ అదే కంపెనీ హంటర్ బండి తీసుకుని, ఎంత తక్కువకు వచ్చిందో లెక్కతో సహా వినిపించాడు. కాసేపు ఒళ్లు మండింది. తర్వాత అతనే నా బండి మీద ఒక రౌండు కొట్టి వచ్చి, సీటు ఎక్కడ చేయించావని అడిగాడు. ఆదివారం ఆటోనగర్‌లో చాలా షాపులు మూసి ఉంటాయి కాబట్టి, శనివారం సెలవు పెట్టమన్నాను.