గులాబీ రంగు రాని రోజు

పొద్దున షట్టరు ఎత్తేసరికే ఆమె స్టూడియో మెట్ల మీద కూర్చుని ఉంది. మొన్న వాళ్ల అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు ఫొటోలు తీశాను. 4×6 సైజులో 40 ఫొటోలు కావాలట, చుట్టాలు సాయంత్రం బస్సుకే వెళ్లిపోతారట. "నాలుగింటికల్లా ఇస్తాను అక్కా" అనేశాను. నా నోటికి తొందర ఎక్కువ.

నిన్న రాత్రి ప్రింటరు మెజెంటా, అంటే గులాబీ రంగు ఇంకు తగ్గిందని హెచ్చరించింది. ఆ హెచ్చరిక ఇంకును తూచి చెప్పేది కాదు, ఎన్ని చుక్కలు చల్లిందో లెక్కపెట్టుకుని వేసే అంచనా. ఆ సంగతి తెలిసి కూడా, పెద్ద పని వస్తే మధ్యలో ఆగకూడదని పాతది తీసేసి కొత్త కార్ట్రిడ్జ్ బిగించాను. అతిజాగ్రత్త.

మొదటి రెండు ఫొటోలు బాగానే వచ్చాయి, గొట్టంలో మిగిలిన పాత ఇంకు పుణ్యమా అని. మూడోదానిలో అమ్మాయి గులాబీ ఓణీ వెలిసిపోయి మీగడ రంగుకు తిరిగింది. పక్కన నిలబడ్డ మేనమామకైతే కామెర్లే. నాలుగూ ఐదూ అంతకంటే ఘోరం.

చీమకుర్తిలో ఏది పాడైనా మొదటి అనుమానం రాతిపొడి మీదికే పోతుంది. గ్రానైట్ కోసే ఊరు, ఎన్ని గుడ్డలు కప్పినా రాత్రికి బల్ల మీద వేలితో పేరు రాయవచ్చు. ఇంకు చల్లే హెడ్ మూసుకుపోయిందనుకుని రెండుసార్లు క్లీనింగ్ చేశాను. పేరుకది శుభ్రం చేయడం, నిజానికి ఇంకు పారబోయడమే. రానిది ఒక్క రంగే అయినా నా ప్రింటరు నాలుగు రంగులూ లాగి అడుగునున్న స్పాంజిలో పోస్తుంది. ఆ తర్వాత ఏ రంగు దిగుతోందో గీతల్లో చూపే నాజిల్ చెక్ కాగితం తీస్తే నలుపు, సయాన్ నీలం, పసుపు గీతలు నిండుగా ఉన్నాయి. మెజెంటా ఉండాల్సిన చోట తెల్లకాగితం.

కొత్తది ఊడదీసి పసుపు టేపు ఉందేమో చూశాను. లేదు, తీసే వేశాను. ఈ టేపుతో నాకొక పాత అవమానం ఉంది. దాని కింద చిన్న గాలిరంధ్రం ఉంటుంది. నూనె డబ్బాకు ఒక్క చిల్లే పెడితే నూనె దిగదు, గాలికి రెండో చిల్లు పెట్టాలి, ఇదీ అంతే. రెండేళ్ల కిందట ఆ టేపు తీయకుండా బిగించి, కార్ట్రిడ్జ్ పాడైనదిచ్చారని ఒంగోలు దుకాణంలో గొంతు పెంచాను. ఆయన ఏమీ అనకుండా గోటితో టేపు పీకి నా చేతిలో పెట్టాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు.

అందుకని ఈసారి రుజువు లేకుండా వెళ్లదలచుకోలేదు. పాత కార్ట్రిడ్జ్ మళ్లీ వేసి ఒక్కసారి క్లీనింగ్ చేసి గీతలు తీశాను. మెజెంటా ఒక్క గీత తప్పకుండా వచ్చింది! అంటే హెడ్ బాగుంది, రాతిపొడి నిర్దోషి, రోగం కొత్తదానిదే. తగ్గిందన్న ఆ పాతదే ఇంకో 21 ఫొటోలు ఇచ్చి అప్పుడు ఆగింది.

రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకుని ఒంగోలు బస్సెక్కాను. సంతనూతలపాడు దాకా కిటికీ పక్కన నిలబడే ప్రయాణం, లోపలికి వడగాలి. దుకాణంలో అడుగు పెట్టగానే ఆయన అడిగిన మొదటి మాట, "టేపు తీశావా?"

నేను మాట్లాడకుండా కాగితాలు రెండూ బల్ల మీద పరిచాను. సీలు తీసింది వెనక్కి తీసుకోరని మొదలుపెట్టాడు కానీ, కళ్లు మాత్రం ఆ ఖాళీ చోటు మీదే ఉన్నాయి. చివరికి తన ప్రింటరులోనే వేసి చూశాడు. మూడు కాగితాలు పోయాక ఆయన దగ్గరా గులాబీ రంగు పోయింది. అప్పుడు లోపలికి వెళ్లి ఇంకొకటి తెచ్చాడు. "ఇదీ ఇక్కడే వేసి చూద్దాం అన్నా" అన్నాను. "కాగితం ఖర్చు ఎవరిది?" అన్నాడు. నాదేనన్నాను. గీతలు నిండుగా వచ్చాయి.

తిరిగొచ్చి మిగిలిన 17 తీసేసరికి నాలుగున్నర. ఆమె అప్పటికే వచ్చి నిలబడి ఉంది. ఆలస్యానికి ఏమంటుందోనని భయపడ్డాను కానీ, ఫొటోలు రెండుసార్లు లెక్కపెట్టుకుని, చెత్తబుట్ట పక్కన పడేసిన మూడింటినీ చూపించింది.

"అవి కూడా ఇవ్వు తమ్ముడూ, పారేసేవే కదా."

"ముఖాలు పచ్చగా వచ్చాయి అక్కా, పనికిరావు."

"అందుకే అడుగుతున్నాను. మా తమ్ముడికి ఇవే ఇస్తాను. మేనమామ అయ్యుండి ఓణీకి పట్టు తెస్తానని చెప్పి నూలుతో సరిపెట్టాడు."

కవరులో విడిగా పెట్టి ఇచ్చాను. వాటికి డబ్బులు తీసుకోలేదు.