ఎన్ని దిండ్లు?

పాప పుట్టిన పదిహేనో రోజు నుంచి వెల్లకిలా పడుకుంటే దగ్గు. లేచి కూర్చుంటే తగ్గేది. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. కాన్పు చేసిన డాక్టరమ్మ స్టెతస్కోపు కూడా పెట్టకుండా "బాలింతవి, నిద్రలేక నీరసం. ఊరికే టెన్షన్ పడకు" అని పంపేసింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అమ్మేమో చలిగాలి సోకిందని చెవుల్లో దూది పెట్టి, వాము పొగ వేసింది. అమ్మని ఏమీ అనలేను, తనకి తెలిసింది తను చేసింది.

బారసాల అయిన మూడో రాత్రి, రెండు దాటాక, గోడకి ఆనుకుని కూర్చున్నా ఊపిరి అందలేదు. ఛాతీలో గురగుర. దగ్గితే కొంగుకి లేత గులాబీ రంగు నురగ అంటింది. ఉయ్యాల్లో పాప గుక్కపట్టి ఏడుస్తోంది, చెయ్యి చాచలేకపోతున్నాను. "దీన్ని నువ్వే పెంచాలమ్మా" అన్నాను. అమ్మ నా నోరు మూసింది.

తెనాలి నుంచి గుంటూరు దాకా 108లో ఆక్సిజన్ పెట్టారు. నైట్ డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "అక్కా, రాత్రిళ్ళు ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నావు?" మూడు అన్నాను. వెంటనే ఎకో, అంటే గుండె స్కాన్, తీయించింది. గుండె ఎడమ గది సాగి పెద్దదైంది. పంపింగ్ 55 శాతం పైన ఉండాల్సింది 25 ఉంది. పెరిపార్టమ్ కార్డియోమయోపతి అట, అంటే కాన్పు రోజుల్లో గుండె కండరం బలహీనపడే జబ్బు. నెలలు నిండేటప్పటి నుంచి కాన్పయ్యాక ఐదు నెలల లోపు వస్తుందట. ఎందుకొస్తుందో పూర్తిగా తేలలేదు కానీ, బీపీ ఉన్నవాళ్ళకి ముప్పు ఎక్కువట. తొమ్మిదో నెలలో నాకు బీపీ ఉంది. దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

నాలుగు రోజులు ఐసీయూ, నీరు లాగే ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు. అందులో ఒకటి పాలు ఆపేసేది. పాపకి డబ్బాపాలు పట్టిన మొదటి రోజు ఏడ్చినంత ఐసీయూలో కూడా ఏడవలేదు. ఉప్పు తగ్గించాను, ఆవకాయ మానేశాను, రోజూ పొద్దున్నే బరువు చూసుకునేదాన్ని. ఎనిమిది నెలలకి పంపింగ్ 52కి వచ్చింది. అందరికీ ఇలా తిరిగి రాదట.

మళ్ళీ కాన్పు వద్దన్నారు. అయినా "మగపిల్లాడు..." అంటూ వచ్చేవాళ్ళున్నారు. మా ఆయన వాళ్ళకి నా ఎకో రిపోర్టు చూపిస్తున్నాడు.

మీ ఇంట్లో బాలింత కూర్చుని నిద్రపోతుంటే వాము పొగ వేయకండి, ఎకో తీయించండి.

అమ్మ మంగళగిరి పానకాల స్వామికి మొక్కుకుంది. మెట్లెక్కొచ్చా అని అడిగితే, ఆగి ఆగి ఎక్కమంది ఆ చిన్న డాక్టరమ్మ. వచ్చే శనివారం వెళ్తున్నాం.