పెదజాలారిపేట ఇసుకలో మడ్డి ఎవరిది?

వైశాఖంలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్లికని విశాఖ వెళ్లాం. పెళ్లి బాగా జరిగింది. ఎం.వి.పి. కాలనీలో లాడ్జి వాడు ఒక్క రాత్రికి తీసుకున్న డబ్బుతో మా అమలాపురంలో నెల రోజులు ఇల్లు అద్దెకు దొరుకుతుంది. ఉక్కపోత సంగతి తీరం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇవన్నీ పక్కన పెట్టి, పెళ్లి మర్నాడు పొద్దున్న లాసన్స్ బే పక్కన పెదజాలారిపేట ఇసుకలో గడిచిన కాసేపటి గురించే రాయాలి. ఇంటికొచ్చాక కూడా మనసులో అదే నలుగుతోంది.

అవి వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లు వేటకు వెళ్లకూడదు. ఫైబర్ తెప్పలన్నీ ఒడ్డు మీద వరసగా ఉన్నాయి. మగవాళ్లు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకలో నడుస్తుంటే అరికాలికి ఏదో అంటుకుంది. చూస్తే రేగిపండంత నల్లటి ముద్ద. పైన ఇసుక రేణువులు, చిన్న గవ్వ ముక్కలు అద్దుకుని రాయిలా గట్టిగా ఉంది. గోటితో నొక్కితే లోపల మెత్తగా, నిగనిగలాడుతూ, మెకానిక్ షెడ్డు వాసన. అటూ ఇటూ చూస్తే ఆటు గీత పొడవునా అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్నాయి. సముద్రపు నీటితో కడిగాను, పోలేదు. ఇసుకతో రుద్దితే పాదమంతా పాకింది.

ఎండు నెత్తళ్లు ఆరబోస్తున్న ఒకావిడ చూసి, "నీళ్లతో పోదు బాబూ, ఉండు" అని ఇంట్లోంచి కొబ్బరినూనె సీసా, కొంచెం పీచు తెచ్చి ఇచ్చింది. నూనె రాసి పీచుతో రుద్దితే నల్లగా కరిగి ఊడివచ్చింది. కొబ్బరి చెట్ల మధ్య పుట్టి పెరిగిన నాకు కొబ్బరినూనెకు ఈ పని కూడా ఉందని అక్కడే తెలిసింది.

"ఇదెక్కడిదమ్మా?" అన్నాను.

"ఓడలోళ్లు వదిలేసే నూనె మడ్డి. కొన్నాళ్లు ఉంటాది, కొన్నాళ్లు ఉండదు. వలకి పట్టిందంటే ఆ ముక్క కోసి పారెయ్యడమే. చేపకి వాసన పడితే ఎవులు కొంటారు?"

ఊరికే విని వచ్చేయలేకపోయాను. ఫోను తీసి ముద్దల ఫొటోలు తీసి, ఎవరికి చెప్పాలో కనుక్కుందామని ఒక ఆఫీసుకు ఫోన్ చేశాను. సముద్రం మాది కాదన్నారు. ఇంకో ఆఫీసులో, ఒడ్డు మాది కాదన్నారు. మూడో చోట ఎత్తినాయన, "ఇంతకీ మీరెవరు? మీకేం నష్టం జరిగింది?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. నాకు నష్టమేమీ జరగలేదు, నిజమే. నష్టపోయేవాళ్లు నా పక్కనే నిలబడి ఉన్నారు.

ఈ మాటలన్నీ వింటూ వల కుడుతున్న ఒక పెద్దాయన నన్ను పిలిచి కూర్చోమన్నాడు. ఈ తీరంలో రెండు మూడు రేవుల్లో పెద్ద ఓడల్ని లాగే టగ్గుల మీద, వాటిని నడిపే సరంగుగా పనిచేసి రిటైరయ్యాడట. వల కుట్టే నూలుకండెతోనే ఇసుక మీద ఒక గీత గీశాడు.

"ఇదిగో బాబూ, ఈ గీత లోపల పోర్టు. ఇక్కడ నూనె పడితే పోర్టోళ్లే తియ్యాలి. సముద్రంలో చమురు తవ్వే ప్లాట్‌ఫారం ఉంటాది చూడు, దాని చుట్టూ ఐదొందల మీటర్లు ఆ కంపెనీది. ఓడల్లోంచి రిఫైనరీకి ముడిచమురు దింపే తేలుడు బోయ, పైపులైను రిఫైనరీ వాళ్లయి. మిగతా సంద్రమంతా కోస్ట్ గార్డుది. ఇప్పుడు మనం కూకున్న ఇసుక ఉందే, ఇది రాష్ట్ర ప్రభుత్వానిది. మరి పోర్టు లోపల పడి, కోస్ట్ గార్డు నీళ్లలో తిరిగి, మా ఇసుక మీదకి వచ్చిందనుకో. ఎవుల్ని అడగాలి?"

ఆయన చెప్పింది అక్షరాలా మన దేశపు పద్ధతే. చమురు కాలుష్యాన్ని ఎదుర్కోడానికి జాతీయ ప్రణాళిక ఒకటి 1996 నుంచి అమల్లో ఉంది. అన్ని శాఖలనూ కలిపి నడిపించే బాధ్యత కోస్ట్ గార్డుది. 700 టన్నుల లోపు చమురు పడితే అది మొదటి స్థాయి, పోర్టులు, చమురు కంపెనీలు సొంత సామాగ్రితోనే ఎదుర్కోగలగాలి. అది దాటి 10,000 టన్నుల వరకు రెండో స్థాయి, ఆపైన మూడోది. కోస్ట్ గార్డుకు ఈ పనికే కట్టిన ఓడలున్నాయి. వాటిలో సముద్ర పహరేదార్ విశాఖ కేంద్రంగానే పనిచేస్తోంది. పడిన నూనె గాలికీ నీటికీ ఎటు కొట్టుకుపోతుందో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ లెక్కగట్టి చెబుతుంది. అంటే నీటి మీద మనకు మనుషులున్నారు, ఓడలున్నాయి, ఆజ్ఞ ఇచ్చేవాళ్లున్నారు. నూనె ఒడ్డుకు చేరాకే చిక్కు. అక్కడ జిల్లా యంత్రాంగం, కాలుష్య నియంత్రణ మండలి, మున్సిపాలిటీ, మత్స్యశాఖ అందరూ ఉంటారు. ముందుగా పార పట్టుకుని దిగేది మాత్రం ఆ పేట వాళ్లే.

2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నై పక్కన ఎన్నూరులో జరిగింది ఇదే. కామరాజర్ పోర్టు బయట బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం అనే రెండు ఓడలు గుద్దుకున్నాయి. నూనె పడలేదనే మాట మొదట బయటికొచ్చింది. తర్వాత చూస్తే ఒడ్డంతా మడ్డి పేరుకుంది. జాలర్లు, విద్యార్థులు, పారిశుద్ధ్య కార్మికులు బకెట్లతో తోడిపోశారు. చాలామందికి సరైన గ్లవ్స్ కూడా లేవు. ఆ ఫొటోలు ఇప్పటికీ నా కళ్ల ముందున్నాయి. మొదటి గంటల్లో నిజం చెప్పి ఉంటే బూమ్ అడ్డం వేసి చాలావరకు నీటి మీదే ఆపగలిగేవారని నా నమ్మకం.

బూమ్ అంటే ఏమిటో పెద్దాయన చేతులతో చూపించాడు. నీటి మీద తేలే పొడవాటి కంచె, కిందికి పరదాలా వేలాడుతుంది. నూనెను ఒకచోటికి చుట్టి, నీటి పైనున్న నూనెను లాగే స్కిమ్మర్ అనే యంత్రంతో తోడతారు. "నూనె పడితే ఏం చెయ్యాలో నేర్పే డ్రిల్లులో చకచకా వేసేసేవాళ్లం. నూనెకి బదులు ఊక చల్లేవోళ్లు. కానీ డ్రిల్లు ఎప్పుడో ముందు రోజే తెలిసిపోయేది బాబూ. నిజంగా నూనె పడేది వాయుగుండంలో, అర్ధరాత్రి. అప్పుడు గొడౌను తాళం ఎవుడి దగ్గరుందో ఎతుక్కోవాలి." అలలు పెద్దవైతే బూమ్ మీంచి నూనె దూకేస్తుందనీ చెప్పాడు. అప్పుడు నూనెను విడగొట్టే మందు చల్లాలంటారు. దానికి కోస్ట్ గార్డు అనుమతి కావాలి. లోతు లేని చోట చల్లితే పైకి నీళ్లు తేటగా కనిపిస్తాయి గానీ ఆ నూనె కింద చేపగుడ్డుకూ రొయ్యపిల్లకూ తగులుతుంది.

వాయుగుండం మాట రాగానే తెన్నేటి పార్కు దగ్గరి ఓడ గుర్తొచ్చింది. 2020 అక్టోబరులో బయట లంగరేసి ఉన్న బంగ్లాదేశ్ ఓడ ఎం.వి. మా లంగరు తెగి కొట్టుకొచ్చి రాళ్ల మీద ఎక్కింది. ఆ తర్వాత ఒకసారి విశాఖ వచ్చినప్పుడు మేమూ జనంతో పాటు దాని ముందు ఫొటోలు దిగాం. ఆ ఓడలో ఇంధనం ఉందనీ, దాన్ని ముందుగా తోడేశారు కాబట్టే ఆ ఒడ్డు బతికిందనీ అప్పుడు ఆలోచించలేదు. జరగని ప్రమాదాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆ పని చేసినవాళ్లకు దక్కాల్సిన పేరు దక్కలేదు.

ఇలాంటివి వింటే నాకు మా ఊరే గుర్తొస్తుంది. 1995 జనవరి 8న మా దగ్గరి పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి 65 రోజులు మండింది. రాత్రిళ్లు కూడా పడమటాకాశం ఎర్రగా ఉండేది. పెద్దవాళ్లు అరుగుల మీద కూర్చుని, ఎప్పుడు ఆరుతుందో, పంటకు పరిహారం ఎవరిస్తారో అని మాట్లాడుకునేవారు. ఎవరిని అడగాలో మాలో ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్ల తర్వాత పెదజాలారిపేటలో అదే ప్రశ్న విన్నాను.

ఎవరిస్తారు అనేదానికి చట్టంలో సమాధానం లేకపోలేదు. ట్యాంకరు నుంచి చమురు పడితే ఓడ యజమానిదే బాధ్యత, తప్పు తనది కాకపోయినా సరే. యుద్ధం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. 1992 నాటి అంతర్జాతీయ ఒప్పందం అదే చెబుతుంది. యజమాని బీమా చాలకపోతే చమురు దిగుమతి చేసుకునేవాళ్ల చందాలతో నడిచే అంతర్జాతీయ నిధి ఉంది. భారత్ రెంటిలోనూ సభ్య దేశం. మామూలు సరుకు ఓడల ఇంధనానికి వేరే బంకర్ ఒప్పందం ఉంది, 2015లో మనం అందులో చేరాం. పాత 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్తది తెచ్చింది. ఎం.ఎస్.సి. ఎల్సా 3 అనే ఓడ 2025 మే 25న కొచ్చి బయట మునిగితే కేరళ ప్రభుత్వం 9,531 కోట్లు ఇప్పించమని హైకోర్టుకు వెళ్లింది. ఆ కంపెనీకి చెందిన మరో ఓడను ఆపమని కోర్టు ఆదేశించింది. గట్టిగా పట్టుకుంటే చట్టానికి పళ్లున్నాయి.

ఇదంతా నాకు తెలిసినంత మటుకు చెబితే, కొబ్బరినూనె ఇచ్చినావిడ తట్ట కింద పెట్టి విన్నది. "మరి మాకు ఎలాగిస్తారు? ఎంత పోయిందని రాస్తారు?" అంది.

అక్కడే నా నోరు మూతబడిపోయింది. పరిహారం అడగాలంటే సంపాదన తగ్గిందని చూపించాలి. నష్టం జరిగిన మూడేళ్లలోపు అడగాలి. బోటున్నవాడికి రిజిస్ట్రేషన్ ఉంటుంది, డీజిలు బిల్లులుంటాయి. రేవులో చేప కొని తట్టలో పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మే మనిషికి ఏ కాగితం ఉంటుంది? ఆమె లెక్కంతా చీర కొంగున ముడి. ఓడ పేరు తెలియని మడ్డికైతే ఇంకా కష్టం, అది ట్యాంకరు నుంచే వచ్చిందని ముందు తేలాలి. అందుకే మొదటి రోజే ముద్దలు సీసాలో తీసి, తేదీ, చోటు రాసి, ల్యాబుకు పంపాలి. ఏ ఓడ చమురో రసాయన పరీక్షలో పోల్చి చూసే పద్ధతి ఉంది. ఆ సీసా పట్టుకెళ్లేదెవరో పేటకు తెలియాలి కదా!

"సంద్రంలో ఆపదొస్తే 1554కి కొట్టాలని మా కుర్రోళ్లందరికీ తెలుసు," అన్నాడు పెద్దాయన. కోస్ట్ గార్డు నంబరు అది. "అలాగే ఇసుక మీద మడ్డి కనబడితే ఎవులికి కొట్టాలో ఒక బోర్డు మీద రాసి, ఆ రామాలయం గోడకి పెట్టమను. మేం రోజూ చూస్తాం కదా. ఏ నెల్లో నీరు ఎటు లాగుతాదో మాకు తెలుసు. మమ్మల్ని అడిగేవోళ్లే లేరు."

ఈ మాట నాకు చాలా విలువైనదిగా తోచింది. అన్ని శాఖలూ ఒక గదిలో కూర్చుంటే సమన్వయం అనుకుంటాం. ఆ గదిలో ఒక జాలరికి కుర్చీ వేయకపోతే మొదటి కబురు ఎప్పుడూ ఆలస్యంగానే చేరుతుంది. కలెక్టరు జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షుడు. తీరంలోని ప్రతి పేట నుంచి ఇద్దరిని, అందులో ఒక ఆడమనిషిని, డ్రిల్లుకు పిలవడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

అక్కడే తెప్ప అంచు మీద కాగితం పెట్టి అర్జీ రాశాను. బోర్డు సంగతి, సీసాల సంగతి, చేపలమ్మే ఆడవాళ్ల రోజువారీ అమ్మకాలు మత్స్యశాఖ ఒక పుస్తకంలో రాయించాలన్న సంగతి పెట్టాను. ఎం.వి.పి. కాలనీలో ఉండే మా బావమరిది సోమవారం కలెక్టరాఫీసులో ఇస్తానన్నాడు. ఫొటోలు ప్రింటు తీసి జతచేయమని పంపించాను.

అర్జీ చదివి వినిపిస్తే పెద్దాయన తలూపాడు. ఆవిడ మాత్రం, "ఎండు చేప కూడా రాయి బాబూ. మడ్డి పడ్డ ఇసుకలో ఆరబెట్టుకోలేం, ఆ రోజులు కూడా నష్టమే కదా" అంది. అదీ రాశాను.